భజన మండలి, డప్పులు, పెళ్లి బ్యాండు: మా కమ్యూనిటీ రేడియోలో లైవ్ రికార్డింగ్ ఎలా కుదిరింది

నల్లగొండ పట్టణం అంచున ఉన్న మా కమ్యూనిటీ రేడియోలో వారానికి ఒక అరగంట చుట్టుపక్కల ఊళ్ల బృందాలకే కేటాయించాం. భజన మండళ్లు, డప్పు బృందాలు, పెళ్లిళ్లకు వాయించే బ్యాండు మేళాలు, అప్పుడప్పుడు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల గిటార్ బ్యాండు వస్తుంటాయి. బృందాన్ని పిలిచి, ఆపకుండా పాడించి, మధ్యమధ్యలో మాట్లాడించి రికార్డు చేస్తాం. ఆ సాయంత్రమో, మర్నాడో ప్రసారం. ఈ పని చూసుకునేది నేను. ఇలాంటి స్టేషన్లు నడిపే మిత్రులు ఫోన్ చేస్తే ముందు అడిగేది ఒకటే: "మీ దగ్గర మైకులెన్ని?" దానికి అంకెతో జవాబు చెబితే వాళ్లకు ఉపయోగం ఉండదు. అందుకే మేం ఏం చేశామో, ఎందుకు చేశామో వివరంగా రాస్తున్నాను.

మా రికార్డింగ్ గది 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ఒకప్పటి ఆఫీసు గది. పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు, కింద షాబాదు బండలు. చప్పట్లు కొడితే గది మళ్లీ చప్పట్లు కొడుతుంది. సామాను: ఎనిమిది చానళ్ల మిక్సర్ ఒకటి, ష్యూర్ ఎస్ఎం58 మైకులు నాలుగు, సన్నటి చప్పుడును కూడా పట్టే చిన్న కండెన్సర్ మైకులు ఒక జత, చేతిలో పట్టే జూమ్ హెచ్5 రికార్డర్ ఒకటి. మిక్సర్‌కి చానళ్లు ఎనిమిదున్నా దాని యూఎస్‌బీ తీగలో కంప్యూటర్‌కి వెళ్లేవి రెండే. అంటే హార్మోనియం ఎంత, గొంతు ఎంత అన్నది వాయిస్తున్నప్పుడే తేలిపోవాలి. తర్వాత కూర్చుని విడదీసుకునే వీలు లేదు.

వినేవాళ్ల సంగతి కూడా మొదట్లోనే చెప్పాలి, ఎందుకంటే మా నిర్ణయాలు చాలావరకు అక్కడినుంచే వచ్చాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006 చివర్లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరుచుకుంది. మన రాష్ట్రంలో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్‌లో మొదలైంది. ఆ తలుపుకు కొలత కూడా పెట్టారు. మామూలుగా యాంటెనా నుంచి వెలువడే శక్తి 100 వాట్లు, టవర్ ఎత్తు 30 మీటర్లు మించకూడదు. మైదానంలో పది, పదిహేను కిలోమీటర్లు వెళ్తే గొప్ప. మా ఊళ్లో కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట అడ్డం. గుట్ట వెనక పడ్డ కాలనీల్లో సిగ్నల్ సన్నగా ఉంటుంది. సిగ్నల్ సన్నబడ్డ చోట స్టీరియోలో (ఎడమ, కుడి వేరుగా పంపే పద్ధతి) రొద బాగా పెరుగుతుంది, మోనోలో (రెండూ కలిపి ఒకటిగా పంపేది) అంత పెరగదు. కాబట్టి మేం మోనోలోనే పంపుతాం. వినేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లో, ఆటోలో, కిరాణా కొట్టు గల్లా మీద పెట్టిన చిన్న సెట్టులో వింటారు. హెడ్‌ఫోన్లో అద్భుతంగా వినిపించి ఆటోలో గజిబిజి అయ్యే రికార్డింగ్ మాకెందుకు?

భజన మండలితో తేలిన విషయం

మొదట పిలిచింది ఒక మహిళా భజన మండలిని. ముందు పాడే ఒక పెద్దమ్మ, వంత పాడే ఏడెనిమిది మంది, హార్మోనియం, ఢోలక్, తాళాలు. మా స్టేషన్లో అప్పటికే వాదన ఒకటి నడుస్తోంది. ప్రతి వాద్యానికీ ఒక మైకు, దగ్గరగా పెట్టాలని మా టెక్నీషియన్ తమ్ముడి మాట. అందరి మధ్య ఒకే జత మైకులు చాలని నా మాట. రెండూ చేసి చూద్దామనుకున్నాం. ఒకే కీర్తనను రెండు పద్ధతుల్లోనూ రికార్డు చేసి, రెండింటినీ ట్రాన్స్‌మిటర్ ద్వారా పంపి, బయట ఆటోలో కూర్చుని విన్నాం.

దగ్గర మైకుల పద్ధతిలో గొంతు పల్చబడింది. కారణం లెక్క వేస్తే దొరుకుతుంది. తాళం చప్పుడు తన మైకులోకే కాదు, అవతలి గొంతు మైకులోకి కూడా వెళ్తుంది. తాళం నుంచి ఈ రెండు మైకులు ఉన్న దూరాల్లో 1.7 మీటర్ల తేడా ఉంటే ఆ చప్పుడు రెండోదానికి దాదాపు 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. గొంతు కూడా అంతే, పక్క మైకులోకి ఆలస్యంగా వెళ్తుంది. మోనోలో ఈ రెండూ కలిసినప్పుడు 100, 300, 500 హెర్ట్జ్ ఇలా వరుసగా కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతులో దిట్టతనం ఉండేది సరిగ్గా ఆ మేరలోనే. మైకు నుంచి మనిషి ఎంత దూరమో, పక్క మైకు దానికి కనీసం మూడింతల దూరంలో ఉంటే ఈ బాధ తగ్గుతుందని ఒక పాత సూత్రం ఉంది. పదిమంది కూర్చున్న 14 అడుగుల గదిలో ఆ మూడింతలు ఎక్కడినుంచి తేవాలి?

ఇంకో చిక్కు మనుషులది. దగ్గర మైకులు పెట్టాక, చప్పుడు కలవకుండా వాళ్లను దూరందూరంగా కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు ఇచ్చాం. పెద్దమ్మ రెండు చరణాలు పాడి వాటిని తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఇవి పెట్టుకుంటె పక్కామె గొంతు ఇనవడ్తలేదు బిడ్డా, నేనొక్కదాన్నే పాడుతున్నట్టుంది" అంది. భజనలో వంత అందుకునేది పక్కవాళ్ల ఊపిరి చూసి. ఆ ఊపిరి తీగలో రాదు.

ఒకే జత మైకుల పద్ధతిలో ఈ రెండు చిక్కులూ లేవు. హెచ్5 పైన ఉండే రెండు మైకులు ఒకే చోట కత్తెరలా అడ్డంగా ఉంటాయి కాబట్టి చప్పుడు రెండింటికీ ఒకేసారి చేరుతుంది. మోనో చేసినా ఏమీ పోదు. కానీ ఈ పద్ధతిలో మిక్సర్ చేసే పనంతా నేల మీదే జరగాలి. ఎవరి చప్పుడు తగ్గాలంటే వాళ్లను వెనక్కి జరపాలి, ఎవరిది పెరగాలంటే ముందుకు తేవాలి.

ఇక్కడే గది అడ్డం తిరుగుతుంది. ఆరుబయట దూరం రెండింతలు చేస్తే చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. సిమెంటు గదిలో తాళాలవాణ్ణి ఎంత వెనక్కి జరిపినా గోడలు ఆ చప్పుడును తిరిగి మైకులోకి తోస్తూనే ఉంటాయి. తాళం తగ్గదు, బావిలోంచి వచ్చినట్టు అవుతుంది. దూరం పని చేయాలంటే ముందు గది నోరు మూయించాలి. గుడ్ల అట్టలు అతికించమని చాలామంది సలహా ఇచ్చారు. అవి పల్చటి కాగితం, పై స్వరాలను కాస్త చెదరగొట్టడం తప్ప చేసేదేమీ లేదు, పైగా అగ్గి అంటుకుంటే ప్రమాదం. మేం పెట్టింది గొంగళ్లు. కురుమల దగ్గర కొన్న నల్లటి ఉన్ని గొంగళ్లు రెండేసి కలిపి, గోడకు నాలుగంగుళాల ఎడంగా చెక్క ఫ్రేములకు వేలాడదీశాం. ఆ ఎడం ముఖ్యం. గోడకు అతుక్కుపోయిన గొంగడి పై స్వరాలనే పీల్చుకుంటుంది. నాలుగంగుళాల ఎడం ఉంటే సుమారు 850 హెర్ట్జ్ దగ్గరినుంచి పైకి బాగా పని చేస్తుంది. బండల మీద జంపఖానా, దాని మీద బొంతలు పరిచాం. కింది స్వరాల సంగతి గొంగడి వల్ల కాదు. దాని గోల బ్యాండు మేళం దగ్గర చెబుతాను.

చివరికి కుదిరిన అమరిక ఇది. మైకు కూర్చున్నవాళ్ల నుదుటి ఎత్తులో. పెద్దమ్మ రెండడుగుల దూరంలో. వంతవాళ్లు నాలుగైదు అడుగుల్లో అర్ధచంద్రంగా. హార్మోనియం మనం అనుకునేదానికన్నా గట్టిది, దాని తిత్తి ఉన్న వెనక వైపు మైకుకు తిరగకుండా పక్కకు పెట్టాం. ఢోలక్ ఆరడుగుల్లో, బొంత మీద. తాళాలు అందరికన్నా వెనక, గొంగడికి ఎదురుగా, మైకు వైపు కాకుండా పక్కకు తిప్పి.

తాళాలను అంత దూరం ఎందుకు పంపామంటే, ఎఫ్ఎం పద్ధతే వాటికి విరుద్ధం. ట్రాన్స్‌మిటర్ పై స్వరాలను కావాలనే పెంచి పంపుతుంది, సెట్టు వాటిని తిరిగి తగ్గించుకుంటుంది. దారిలో కలిసే రొద తగ్గడానికి చేసిన ఏర్పాటు ఇది. మన దేశంలో దీనికి 50 మైక్రోసెకన్ల ప్రమాణం వాడతారు. ఆ లెక్కన 10 కిలోహెర్ట్జ్ దగ్గర పెంపు సుమారు 10 డెసిబెల్స్, 15 దగ్గర 13 పైమాటే. మాటలో, హార్మోనియంలో ఆ మేర స్వరాలు తక్కువ కాబట్టి ఇబ్బంది లేదు. తాళాల్లో ఉన్నవే అవి. తాళం మోగినప్పుడల్లా ట్రాన్స్‌మిటర్ ముందున్న లిమిటర్ (చప్పుడు హద్దు దాటకుండా ఆపే పరికరం) మొత్తం చప్పుడును కిందికి లాగుతుంది, తాళం ఆగగానే వదులుతుంది. వినేవాడికి తాళం గట్టిగా ఏమీ అనిపించదు, గొంతు మాత్రం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. రికార్డింగ్‌లో తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చుంటాం, అక్కడ దొరకదు. తాళాలను వెనక్కి పంపి, ఎడిటింగ్‌లో 8 కిలోహెర్ట్జ్ పైన నాలుగైదు డెసిబెల్స్ తగ్గిస్తే ఆ ఊగిసలాట ఆగిపోయింది.

డప్పు: ముందు మంట, తర్వాత మైకు

డప్పు బృందాన్ని స్టూడియోకి పిలిచేవాళ్లు ముందు పెరట్లో మంటకు చోటు చూసుకోవాలి. మేకతోలు చెమ్మకు వదులవుతుంది, వేడికి బిగుస్తుంది. కాచిన డప్పు ఖంగుమంటుంది, చల్లారితే చప్పబడుతుంది. ఏసీ గదిలో ఆ చల్లారడం ఇంకా తొందర. అందుకని ఏసీ ఆపేసి, పెరట్లో గడ్డి, ఎండు కొమ్మలు వేసి కాచుకోనిచ్చి, రెండు దరువులు రికార్డు చేసి మళ్లీ కాచుకోవడానికి పంపుతాం. ఆ విరామంలోనే బృందం పెద్దతో ముఖాముఖి. కార్యక్రమం క్రమం కూడా దాని ప్రకారమే రాసుకుంటాం: దరువు, దరువు, మాట, దరువు, పాట. వానాకాలంలో ఇదంతా రెట్టింపు పని. నల్లగొండ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో మాత్రం తోలు దానంతటదే బిగిసి ఉంటుంది. మాకు అదే డప్పుల కాలం. ఆషాఢంలో బోనాలకు, ఆ తర్వాత బతుకమ్మ, దసరాలకు వాళ్లు ఎటూ దొరకరు.

నిలబడే చోటు చూపించడానికి నేల మీద సుద్దతో గీతలు గీశాం. బృందం పెద్ద వాటిని చూసి నవ్వాడు. "గీతల నిలవడితె దరువెట్లొస్తదే అన్నా? కాలు కదిలితెనే చెయ్యి కదుల్తది" అన్నాడు. నిజమే, అడుగు కట్టేస్తే దరువు వాడిపోతుంది. గీతలు చెరిపేసి, మైకును ఏడడుగుల ఎత్తుకు లేపి కిందికి వంచాం. అంత ఎత్తునుంచి చూస్తే ఒక అడుగు ముందుకూ వెనక్కూ జరిగినా దూరంలో వచ్చే తేడా కొద్దిగానే ఉంటుంది. గజ్జెల చప్పుడు కూడా సహజంగా వచ్చింది. దాన్ని తీసేయాలని మా తమ్ముడు, ఉండాలని నేను. ఉంచాం.

లెవెల్ విషయంలో డప్పు మోసం చేస్తుంది. రిహార్సల్లో చిటికెన పుల్లతో ఆడుకుంటారు, అసలు వాయింపులో సిర్ర దెబ్బ పడ్డప్పుడు మీటరు ఎర్రబడుతుంది. రిహార్సల్లో గరిష్ఠం మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర (సున్నా దాటితే ధ్వని చెడిపోతుంది) ఉండేలా పెట్టుకుంటే అసలు సమయానికి మైనస్ 8, 6 దాకా వస్తుంది. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు తక్కువ లెవెల్ వల్ల నష్టం లేదు. హెచ్5లో బ్యాకప్ రికార్డింగ్ అని ఒకటుంది, అదే ధ్వనిని 12 డెసిబెల్స్ తక్కువలో ఇంకో ఫైలుగా రాస్తుంది. డప్పులకు, బ్యాండుకు దాన్ని ఆన్ చేయకుండా మొదలుపెట్టం. కండెన్సర్ జతను డప్పుల దగ్గరికి తేం. డప్పు మీదకు మైకు తప్పనిసరైతే ఎస్ఎం58 చాలు, రెండు మూడడుగుల దూరంలో.

పెళ్లి బ్యాండు

ఈ రాతంతా నిజానికి దీని కోసమే. బ్యాండు మేళాన్ని రేడియోలో ఎవరూ పెట్టరు. పెళ్లి ఊరేగింపులో పక్కన నడిచినవాళ్లు కూడా దాన్ని సంగీతంగా వినరు. డీజే బండ్లు వచ్చాక వాళ్ల సీజన్ సగం తినేశాయి. క్లారినెట్ మీద నలభై ఏళ్లు గడిపిన మాస్టర్లు మన మండలాల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర తీరిగ్గా కూర్చుని వినదగ్గ వాయింపు ఉంది.

ముందు తేదీ. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా, మళ్లీ శ్రావణంలో వాళ్లకు ఊపిరాడదు. మూఢంలో, ఆషాఢంలో, పుష్యంలో ఖాళీ. ఆషాఢంలో వానల భయం ఉంటుంది కాబట్టి మా మొదటి ఎంపిక పుష్యం.

వచ్చిన మేళంలో క్లారినెట్లు రెండు, ట్రంపెట్లు రెండు, యుఫోనియం అనే పెద్ద ఇత్తడి బాకా, సైడ్ డ్రమ్, పెద్ద డ్రమ్, జాంజ్ (పెద్ద తాళాలు), క్యాసియో కీబోర్డు. గదిలో పెట్టే ప్రశ్నే లేదు. కారణం లెక్కలోనే ఉంది. 14 అడుగుల పొడవున్న గది సుమారు 40 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పు 57 దగ్గర తనంతట తాను మోగుతుంది, వాటి రెట్టింపుల దగ్గర కూడా. పెద్ద డ్రమ్ బలమంతా ఆ మేరలోనే. ఒక దెబ్బ కొడితే గది దాన్ని పట్టుకుని వదలదు, తర్వాతి దెబ్బ దాని మీద పడుతుంది. తీన్మార్ కాస్తా బొంయ్‌మనే ఒకే ముద్ద అవుతుంది. గొంగళ్లు ఈ మేరలో ఉన్నా లేనట్టే. ఫంక్షన్ హాలు ఇస్తామన్నారు. హాల్లో ప్రతిధ్వని రెండు మూడు సెకన్లు నడుస్తుంది, అది గదికన్నా అన్యాయం.

అందుకని స్టేషన్ వెనక ఖాళీ జాగాలో, వేపచెట్టు కింద పెట్టాం. ఆరుబయట గోడల్లేవు, స్లాబు లేదు. అక్కడ దూరం దూరంగానే పని చేస్తుంది. బదులుగా వచ్చిన గోలలు వేరు. అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద మిర్యాలగూడ మిల్లులకు వెళ్లే లారీలు, దగ్గర్లోని మసీదులో అజాన్, గుడి మైకు. వీటికి వేళలున్నాయి కాబట్టి వేళ చూసుకున్నాం. పొద్దున ఏడుకూ తొమ్మిదికీ మధ్య మాకు బాగుంటుంది. గాలికి వేళ లేదు. మైకుతో వచ్చిన స్పాంజి తొడుగు మీద, బొచ్చు బొమ్మ విప్పి కుట్టిన తొడుగు ఇంకోటి వేశాం. కొనే తొడుగుకన్నా అందంగా ఉండదు, పని మాత్రం చేస్తుంది.

బ్యాండ్ మాస్టర్‌కు కుర్చీలు చూపిస్తే ఒప్పుకోలేదు. "మేం నడుసుకుంట వాయించెటోళ్లం సారూ, కూసొని వాయించమంటె దమ్ము రాదు" అన్నాడు. సరే, నిలబడే వాయించారు. మైకు ఎనిమిదడుగుల ఎత్తులో. క్లారినెట్లు ఐదడుగుల్లో ముందు. యుఫోనియం వాళ్ల పక్కన, ఎనిమిదడుగుల్లో. ట్రంపెట్లు పన్నెండడుగుల వెనక, వాటి నోళ్లు మైకు వైపు కాకుండా పక్కకు తిప్పి. ట్రంపెట్ పై స్వరాలు టార్చిలైటు వెలుతురులా నేరుగా పోతాయి, నోటిని నలభై డిగ్రీలు పక్కకు తిప్పితే లెవెల్ పెద్దగా తగ్గకుండానే కరుకుదనం తగ్గుతుంది. సైడ్ డ్రమ్ పదడుగుల్లో, జాంజ్ అందరికన్నా వెనక. తాళాల గురించి పైన చెప్పిందంతా జాంజ్‌కి ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. పెద్ద డ్రమ్ పదిహేనడుగుల్లో.

ఈ అమరిక ఒక్కసారిగా రాలేదు, రెండు బాణీలు వాయించే లోపు మనుషుల్ని అటూ ఇటూ జరిపి జరిపి తెచ్చాం. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడు చేత్తో సైగ చేస్తాడు, ఇంకొకరు వెళ్లి భుజం పట్టి ఒక అడుగు వెనక్కి జరుపుతారు. ముందే చెప్పి పెట్టుకోకపోతే ఇది వాళ్లకు అవమానంగా తోస్తుంది, ముఖ్యంగా వెనక్కి పంపిన ట్రంపెట్ వాళ్లకు. "గట్టివాళ్లు వెనక, మెల్లవాళ్లు ముందు" అని మాస్టర్ తన మాటగా చెప్పాక గొడవ లేకపోయింది. మొదటి బాణీ రికార్డు చేసి వాళ్లందరికీ వినిపించాం. పదేళ్లుగా కలిసి వాయిస్తున్నా తమ మేళాన్ని బయటినుంచి విన్నది అప్పుడే. సైడ్ డ్రమ్ అబ్బాయి ఎవరూ చెప్పకుండానే చెయ్యి తగ్గించాడు.

క్యాసియో సంగతి వేరే. వాళ్ల బండి మీద సొంత ఆంప్లిఫయర్, హారన్ స్పీకర్లు ఉంటాయి. అవి పెడితే మిగిలినవాళ్లు కొట్టుకుపోతారు. క్యాసియోను డీఐ బాక్సు (వాద్యం తీగను మైకు లేకుండా రికార్డర్‌కి కలిపే చిన్న పెట్టె) ద్వారా నేరుగా హెచ్5లోకి వేరే ట్రాకుగా తీసుకుని, మేళానికి వినిపించడానికి మాత్రం చిన్న స్పీకరు సన్నగా పెట్టాం. ఇందులో ఒక కిటుకుంది. తీగలో వచ్చే ధ్వని అప్పటికప్పుడు చేరుతుంది, మూడు మీటర్ల దూరంలో ఉన్న మేళం ధ్వని గాలిలో వచ్చేసరికి 9 మిల్లీసెకన్లు పడుతుంది. ఎడిటింగ్‌లో క్యాసియో ట్రాకును ఆ 9 మిల్లీసెకన్లు ఆలస్యమయ్యేలా జరిపితే అది మేళం మధ్యలో నిలబడి వాయించినట్టు కుదురుకుంటుంది. జరపకపోతే ఎక్కడో అతికించినట్టు ఉంటుంది.

శృతి దగ్గర కూడా క్యాసియోతోనే పేచీ. ఎండ పెరిగేకొద్దీ, ఊదేకొద్దీ ఇత్తడి వాద్యాల శృతి పైకి జరుగుతుంది. క్యాసియో ఉన్నచోటే ఉంటుంది. కాసేపు వాయించి వేడెక్కాక ఒకసారి, ఆ తర్వాత అరగంటకొకసారి ట్రంపెట్ స్లైడు సరిచూసుకోమన్నాం. మాస్టర్‌కు ఇది మేం చెప్పాల్సిన పని లేదు. ఊరేగింపులో ఎవరూ పట్టించుకోరు కాబట్టి వాళ్లూ వదిలేస్తారు, అంతే.

కాలేజీ పిల్లల గిటార్ బ్యాండు గురించి చెప్పేదేమీ లేదు. గిటార్లు డీఐలో, కహోన్ (చేత్తో వాయించే చెక్కపెట్టె) ముందు ఒక మైకు, గొంతుకు ఒక మైకు. హెడ్‌ఫోన్లు వాళ్లకు అలవాటే. అన్నిటికన్నా తేలిగ్గా అయిపోయే రికార్డింగ్ అది.

పాలమూరు వైపు నుంచి కిన్నెర వచ్చినప్పుడు మాత్రం అంతా తలకిందులు. సొరకాయ బుర్రలతో చేసిన ఆ వాద్యం చాలా మెత్తనిది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో, నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చాక ఈ వాద్యాల పేర్లు అందరికీ తెలిశాయి, ధ్వని మాత్రం ఎక్కువమంది ఫోన్ వీడియోల్లోనే విన్నారు. దానికి కండెన్సర్ మైకు ఒకటే, కళాకారుడి ఛాతీ ఎత్తులో, అడుగున్నర దూరంలో. గొంతూ కిన్నెరా రెండూ అందులోనే. ఫ్యాన్లు, ఏసీ, కంప్యూటర్, పక్క గదిలో ఫ్రిజ్జు అన్నీ ఆపేయాలి. ఫ్రిజ్జు తలుపులో బండి తాళంచెవులు పెడితే మళ్లీ ఆన్ చేయడం మర్చిపోం.

కాగితాలు, డబ్బులు

రికార్డింగ్‌కు ముందే పాటల సాహిత్యం చూసుకుంటాం. కమ్యూనిటీ రేడియో నియమాల ప్రకారం రాజకీయ కార్యక్రమాలు వేయకూడదు. డప్పు బృందాల్లో చాలామంది ఎన్నికల ప్రచారాల్లో పాడినవాళ్లే, పాత బాణీలో నాయకుడి పేరు అలవాటుగా దూరిపోతుంది. నేరుగా ప్రసారం చేయకుండా రికార్డు చేసి వేయడానికి ఇది ఒక కారణం. పొరపాటున వచ్చిన చరణం తీసేయవచ్చు, లేదా మళ్లీ పాడించవచ్చు.

జానపదం అనుకున్నదంతా జానపదం కాదు. ఉద్యమ కాలంలో పుట్టిన పాటలకు రాసినవాళ్లు ఉన్నారు, చాలామంది బతికే ఉన్నారు. ఎవరు రాశారో బృందాన్ని అడిగి, వాళ్లకు ఫోన్ చేసి అనుమతి తీసుకుని, ప్రసారంలో పేరు చెబుతాం. బ్యాండు మేళాలు ఎక్కువగా వాయించేది సినిమా బాణీలే. వాటి హక్కులు వేరేవాళ్లవి. మేం బ్యాండును అడిగేది కీర్తనలు, జానపద బాణీలు, మాస్టర్ సొంత దరువులు. మొదట నసిగారు, తర్వాత ఎన్నడూ వాయించే అవకాశం రాని వరసలు ఒక్కొక్కటిగా బయటికి తీశారు.

వాయించినవాళ్లకు కూడా చట్టంలో హక్కుంది. కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది. వాళ్ల అనుమతి లేకుండా ఆ రికార్డింగును ఇంకెక్కడా వాడకూడదు. ఒక పేజీ అంగీకార పత్రం తెలుగులో రాసుకుని, చదివి వినిపించి, మా స్టేషన్ ప్రసారానికి మాత్రమే సంతకం తీసుకుంటాం. యూట్యూబ్‌కు వేరే సంతకం. దానికి ఇష్టపడని భజన మండలి ఉంది, వాళ్ల కీర్తన ఆన్‌లైన్లో పెట్టలేదు.

డబ్బు ఎంతన్నది ఒక్కో స్టేషన్ తాహతు. ఇవ్వకుండా మాత్రం పిలవకూడదని నా పట్టు. బస్సు చార్జీలు, భోజనం, ఆ రోజు కూలి పోయినందుకు ఎంతో కొంత, ఇవన్నీ వచ్చే ముందే చెప్పేయాలి. "రేడియోలో మీ పేరు వస్తుంది" అన్న మాట డప్పు కళాకారులు చాలాచోట్ల చాలాసార్లు విన్నారు. భోజనం అందరూ కలిసి, ఒకే చోట. ఇది రాయాల్సిన మాటేనా అని మా ఆఫీసులో ఒకరు అడిగారు. డప్పు వాయించేవాళ్లను వాకిట్లోనే ఉంచే ఇళ్లు ఎన్నో చూసినవాళ్లను పిలుస్తున్నాం కాబట్టి రాయాల్సిన మాటే.

ప్రసారమైన కార్యక్రమాలను మూడు నెలలు దాచాలని నియమం. మేం లైవ్ రికార్డింగులను చెరపం. అసలు ఫైలు, బ్యాకప్ ఫైలు, ప్రసారమైన అరగంట, మూడూ రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో ఉంటాయి. ఫైలు పేరులో తేదీ, ఊరు, బృందం, పాట మొదటి మాట. దానితోపాటు ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఫోన్‌తో తీసిన ఫొటో. అదే బృందం మళ్లీ వస్తే ఆ ఫొటో చూసి పావుగంటలో అమర్చేస్తాం. బృందానికి ఎంపీ3 వాట్సాప్‌లో, అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, లేకపోతే నాణ్యత నలిగిపోతుంది.

ఇక ముందున్నది ఒగ్గు కథ. కథకుడు, వంతవాళ్లు, డోళ్లు, తాళాలు కలిసి నాలుగైదు గంటలు నడుస్తుంది. మధ్యలో ఆపమంటే కథ ఆరిపోతుంది. హెచ్5 ఒక ఫైలు 2 జీబీ దాటగానే కొత్తది మొదలుపెడుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోలో అది సుమారు రెండు గంటలకు. బ్యాటరీతో కాకుండా యూపీఎస్ మీద అడాప్టర్‌తో నడపాలి. కథకుడు తిరుగుతూ, ఎగురుతూ చెబుతాడు కాబట్టి ఆయన గొంతుకు మాత్రం కాలర్ మైకు వేరే ట్రాకులో పెట్టక తప్పదు. అంత కథలోంచి అరగంట ముక్కలు ఎక్కడెక్కడ కోయాలో కథకుడితోనే కూర్చుని నిర్ణయించుకోవాలని అనుకున్నాం. మల్లన్న కథలో ఏ ఘట్టం దగ్గర ఆపితే వినేవాడు వచ్చే వారం మళ్లీ సెట్టు పెడతాడో ఆయనకు తెలిసినంత మాకు తెలియదు.